ఇనప మెట్లు

మేడ మీది గదిని వరికోత మిషను డ్రైవర్లకు అద్దెకిచ్చాను. గది అద్దెకివ్వడానికి లైసెన్సు లేదని, గోల ఎక్కువని వీధివాళ్లు అర్జీ పెడితే పురసభవాళ్లు నన్ను మునిసిపల్ ఆఫీసుకు పిలిపించారు.

పక్కింటి ఉలిగప్ప లేచి, "సార్, పొద్దుగూకితే సాలు, బూట్లేసుకొని ఇనప మెట్ల మీద దడదడ ఉరుకుతరు. అది ఇల్లా, రైల్వే బ్రిడ్జా? మా ఇంట్ల ఒకరి మాట ఒకరికి ఇనపడదు" అన్నాడు. అందరూ నవ్వారు.

ఆఫీసరు మంచివాడే. "లైసెన్సు ఇస్తమమ్మా. మెట్లకు గోనెసంచులు కట్టియ్యి. పిల్లగాండ్లు బూట్లు కిందనే ఇడిసి ఎక్కాల. మల్ల కంప్లేంటొస్తే గది ఖాళీ చేయిస్తం. నువ్వేమన్న చెప్పేదుందా?" అన్నాడు.

"ఏం లేదండీ" అన్నాను. అంతమందిలో ఏమని చెప్పను?

ఆ సాయంత్రమే డ్రైవర్లు వాళ్ల చేతులతోనే సంచులు కట్టేశారు. "మా వల్ల మీకు మాట రానివ్వం పిన్నీ" అన్నారు.

మర్నాడు ఉలిగప్ప గోడ మీంచి పలకరించాడు.

"ఇగ నిమ్మళంగ ఉంది గదక్కా?"

ఉందన్నాను.

మా అబ్బాయి కోటి పోయి రెండేళ్లవుతోంది. వాడూ పొలం నుంచి వస్తే బూట్లు విప్పకుండానే ఆ మెట్లెక్కేవాడు. ఎన్ని తిట్లు తిట్టినా వినేవాడు కాదు. వంటింట్లో ఉన్న నాకు ఆ చప్పుడు వినపడగానే కంచం పెట్టేదాన్ని. అది మళ్లీ వినాలనే గది అద్దెకిచ్చాను.

ఇప్పుడు ఆ పిల్లలు రోజూ ఇంటికొస్తూనే ఉన్నారు. వచ్చినట్టు నాకు తెలియటం లేదు.