ఎదగనివ్వని మందు

మందు చల్లి నెల దాటినా గోదాములో గోధుమ బస్తాల మీద పురుగులు హాయిగా షికారు చేస్తున్నాయి!

“నీ కొత్త మందుకి ఇవి ఒళ్లు చేశాయమ్మాయ్! సరుకు వెనక్కొచ్చిందో, నువ్వూ ఇంటికే,” అన్నాడు యజమాని.

మేనేజరమ్మ ఒక పురుగును అరచేతిలోకి తీసుకుంది. ఆ మందు పెద్ద పురుగుల్ని చంపదు. పిల్ల పురుగుల్ని పెద్దవి కానివ్వదు, అంతే. పాత పురుగైతే ముదురు రంగులో ఉండాలి. ఇది లేత ఎరుపు. నిన్నో మొన్నో పెద్దదైనట్టుంది.

“మందు పనిచెయ్యకపోవడం కాదు సార్, అసలు పడనేలేదు!” అంటూ, చల్లిన మనిషి వైపు తిరిగింది. అతను ఆమెకు సొంత బాబాయి. “బాబాయ్, నిజం చెప్పు.”

“అమ్ముకున్నావా?” గుడ్లురిమాడు యజమాని.

“ఛ ఛ! సీసా భద్రంగా ఉంది సార్. ఈ గోధుమలు బడిపిల్లల భోజనానికని మీరన్నారు. ‘ఇది పిల్లల్ని ఎదగనివ్వని మందు బాబాయ్, అంతటా పడేట్టు చల్లు’ అని మా అమ్మాయి అంది. ఏ పిల్లల్నో తను చెప్పలేదు, నేను అడగలేదు. చేతులు రాక ఉత్త నీళ్లు చల్లాను.”