తిరగబడ్డ అంకెలు

"నాయినా, ఒక్కటే మాట. వరసల అయిదు అంకెలు నిండినంకనే బింగో అనాలె. నిండకముందే ఒర్రినవనుకో, స్టేజీ ఎక్కిస్తరు. నెత్తికి సవరం పెట్టి, మూతికి రంగు పూసి, బ్యాండు వాయిస్తుంటె అందరి ముందట నడిపిస్తరు. ఇజ్జత్ పోతది" అన్నాడు శశికాంత్, హాలు తలుపు దగ్గర ఆగి.

"ఎన్నిసార్లు ఒర్రితె అన్నిసార్లా?" అని అడిగాడు నరసింహులు.

"అన్నిసార్లు."

"అయ్యో" అన్నాడు నరసింహులు, మీసం దువ్వుకుంటూ.

జనగామ దగ్గరి పల్లె నుంచి కొడుకును చూడడానికి జర్మనీలోని డెగ్గెన్‌డార్ఫ్ వచ్చి ఆయనకు నెల అయింది. పొద్దున్నే బేకరీకి పోయి, తన నంబరు పిలిచేదాకా నిలబడి రొట్టె తెచ్చేది ఆయనే. తిరిగొచ్చి, రొట్టె తింటూ, ఒకే కథ చెప్పేవాడు. వయసులో ఉండగా బాగోతంలో రాణి వేషం కట్టేవాడట. ఒకనాడు వేషం విప్పకముందే పక్క ఊరి పటేలు తన కొడుక్కి పిల్లనడగడానికి పళ్ళెంతో వచ్చేశాడట. పళ్ళెంలో అరటిపళ్ళు చెప్పిన ప్రతిసారీ ఒక అత్తం పెరిగేవి. పెళ్ళయిన మర్నాడే భార్య సీతారత్నం ఆయనచేత ఒట్టు వేయించుకుంది, కోరి మళ్ళీ సవరం ముట్టనని. నలభై ఏళ్ళయినా ఆయన ఆ ఒట్టు తప్పలేదు.

ఆ సాయంత్రం బింగో చీట్లు అమ్మేది ఊరి బ్యాండుకు కొత్త ట్యూబా కొనడానికి. ట్యూబా అంటే మనిషి దూరి పడుకోగలిగేంత ఇత్తడి బాకా. పాతదానికి మూడుచోట్ల టేపు వేశారు. అంకెలు పిలిచేది మదాం రోజామున్డే. ఆరున్నర అడుగుల ఆడవేషం, బంగారు రంగు గౌను. పగలు ఆ ఊళ్ళోనే నీళ్ళ పైపులు బాగుచేస్తాడు.

కోడలు కావ్యశ్రీ కళ్ళు మాత్రం స్టేజీ మీది వాషింగ్ మెషీన్ మీదే ఉన్నాయి. చివరి ఆటకు బహుమతి అది. రెండేళ్ళుగా ప్రతి ఆదివారం రెండు సంచుల బట్టలు మోసుకుంటూ బస్సెక్కి వాష్‌సలోన్‌కు పోతోంది. మామగారు వచ్చాక మూడు సంచులు.

"ఇయ్యాల అది మనింటికి రావాలె" అంది మొగుడితో.

మొదటి ఆట సగం కాకముందే నరసింహులు లేచి "బింగో" అన్నాడు. రోజామున్డే చదవమంటే, చీటీ ముక్కుకు ఆనించుకుని ఇంగ్లీషులో చదివాడు. తొమ్మిది, ఇరవై ఒకటి, నలభై మూడు.

"నలభై మూడు నేను పిలవలేదు బంగారం" అంది రోజామున్డే. "పిలిచింది ముప్పై నాలుగు."

హాలంతా నవ్వింది. శశికాంత్‌కు అర్థమైంది. జర్మన్ వాళ్ళు ముప్పై నాలుగును 'నాలుగూ ముప్పై' అంటారు. కొత్తవాళ్ళ చెవిలో అది నలభై మూడై కూర్చుంటుంది. తనూ వచ్చిన కొత్తలో ఏదో ఆఫీసులో అపాయింట్‌మెంట్‌కు పోయి, గది నంబరు తిరగేసి విని, వేరే గది ముందు గంటసేపు కూర్చున్నవాడే.

నరసింహులుకు పసుప్పచ్చ సవరం పెట్టారు. ఆయన దాన్ని కాస్త ఎడమకు జరిపాడు. కండువా తీసి కొంగు వేసుకున్నాడు. బ్యాండు మొదలైంది. ఆయన నాలుగడుగులు వేసి, ఆగి, మెడ తిప్పి చూశాడు. ఆ చూపుకు బ్యాండులో ట్రాంబోన్ ఊదుతున్నాయన, శశికాంత్ ఆఫీసులో మేనేజరు, తాళం తప్పాడు. రోజామున్డే తనంతట తానే పక్కకు తప్పుకుంది.

కావ్యశ్రీ తీసి పంపిన వీడియో చూసి, ఊరి నుంచి సీతారత్నం ఫోన్ చేసింది.

"ఏందది? ఒట్టు యాదికి లేదా?"

"శిక్ష పడ్డది రత్నం. పరాయి దేశం, నేనేం జెయ్యాలె" అన్నాడు నరసింహులు.

రెండో ఆటలోనూ అంతే. యాభై రెండు పిలిస్తే ఆయన ఇరవై అయిదు చదివాడు. ఈసారి జనం బల్లలు చరిచి మరీ పంపించారు. ఆయన ఒకటికి రెండు చుట్లు తిరిగాడు.

"నాయినా, దండం పెడత" అన్నాడు శశికాంత్, మూడో చీటీ చేతికిస్తూ. "ఇది వాషింగ్ మెషీన్ ఆట. మళ్ళ నవ్వులపాలు కావద్దు. ఏమైనగాని నోరు తెరువకు."

"ఏమైనగానినా?"

"ఏమైనగాని. మాటియ్యి."

ఇచ్చాడు.

కావ్యశ్రీకి ఒక్క అంకె తక్కువ పడింది. పెన్సిలు ఆ గడి మీదే ఆనించి కూర్చుంది. నరసింహులు రెండుసార్లు కొడుకు మోచేతిని పొడిచాడు.

"మాటిచ్చినవ్" అన్నాడు శశికాంత్, అటు చూడకుండానే.

మరో మూడు అంకెలయ్యాక, వెనక బల్ల దగ్గర ఆకుపచ్చ టోపీ ముసలావిడ "బింగో" అంది. ఆవిడ ఇంట్లో ఇదివరకే రెండు మెషీన్లున్నాయట.

బయట మేనేజరు శశికాంత్ భుజం తట్టి, ట్యూబా వచ్చేసినట్టేనని, వచ్చే ఏడు కూడా నాన్నగారిని తప్పక తీసుకురమ్మని చెప్పాడు.

"ఏం జెయ్యాలె బిడ్డా, ఈళ్ళ లెక్క నా తలకెక్కుతలేదు" అన్నాడు నరసింహులు బస్సులో. ఇల్లు చేరేదాకా శశికాంత్ ఓపిగ్గా అంకెలు నేర్పాడు. ఆయన ఓపిగ్గా తప్పులు చెప్పాడు.

ఆదివారం వాష్‌సలోన్‌లో, లాల్చీ మెషీన్లో వేయబోతూ కావ్యశ్రీ మామగారి జేబు తడిమింది. మూతిరంగు అంటిన మూడు చీట్లు చేతికొచ్చాయి.

మొదటి రెండింట్లో ముప్పై నాలుగూ యాభై రెండూ చక్కగా కొట్టేసి ఉన్నాయి, నలభై మూడునూ ఇరవై అయిదునూ పెన్సిలు ముట్టనే లేదు. మూడోదాంట్లో అడ్డవరస అయిదుకు అయిదూ నిండి ఉంది.