ఎవరూ ముట్టని మీట

ఆమె వచ్చి కుర్చీలో కూలబడేసరికి కంప్యూటర్ అప్పటికే వెలుగుతోంది.

మళ్లీ!

భర్తను డయాలిసిస్‌లో అప్పగించి, బస్సులు మారి, ఆలస్యంగా వచ్చిపడే రోజుల్లోనే ఇలా జరుగుతోంది.

పక్క సీటాయన బదిలీ మీద ఈమధ్యే వచ్చాడు. ఎవరితోనూ కలవడు. శనివారం సాయంత్రం వెళ్తూ వెళ్తూ ఆమెను మాత్రం ఒకటే అడుగుతాడు.

"వచ్చేవారం ఆస్పత్రి ఏయే రోజులమ్మా?"

ఈయనకెందుకు నా గొడవ, అని ఆమెకు ఒళ్లు మండేది. ఆఫీసులో అందరూ ఆయనకు పెట్టిన పేరు సీఐడీ.

ఆవేళ అడిగేసింది.

"బాబాయ్‌గారూ, నేను లేనప్పుడు నా సిస్టమ్‌లో ఏం వెతుకుతున్నారు?"

"ఏమీ లేదమ్మా."

"మరి దానంతటదే ఆన్ అయి కూచుందా, నా మీద బెంగతో?"

వెనక సీట్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన ఏదో చెప్పబోయి, అటు చూసి, తన ఫైలు ముందుకు లాక్కున్నాడు.

ఈ ఉద్యోగం పోతే ఇల్లు గడవదు. ఆలస్యం గురించి మేనేజర్ ఇంతవరకూ పల్లెత్తు మాట అనలేదు. ఆయన మంచితనం. ఈ మనిషి చాడీలు మోస్తే అదీ అయిపోతుంది.

అందుకే తనే ముందు వెళ్లి ఫిర్యాదు చేసింది.

ఆ వారంలోనే ఆయన్ని వేరే ఊరి శాఖకు పంపేశారు.

"వస్తానమ్మా," అన్నాడు, ఫ్లాస్కు చంకన పెట్టుకుని. ఆమె తల ఎత్తలేదు.

సోమవారం మళ్లీ ఆలస్యం. పక్క కుర్చీ ఖాళీ. కంప్యూటర్ మాత్రం వెలుగుతూనే ఉంది!

టెక్నీషియన్‌ని పిలిచింది. అతను దాన్ని ఆపి, మళ్లీ ఆన్ చేస్తూనే ఒక మీట టకటకా నొక్కాడు. నీలం రంగు పేజీ తెరుచుకుంది.

"దెయ్యం కాదులెండి మేడమ్. ఇక్కడ టైము పెడితే ఎవరూ ముట్టకుండానే ఆన్ అవుతుంది. తొమ్మిదికి పెట్టారెవరో. సోమ, బుధ, శుక్రవారాలే."

ఆస్పత్రి రోజులు.

"తీసేయమంటారా?"

"తీసేయండి," అంది విసుగ్గా.

"ఇక టైముకి రావాలి మరి! సిస్టమ్ ఆన్ అయిన టైమే కదా మనకు హాజరు? ఓహో, ఆ మాట చెప్పిన మీటింగుకి కూడా మీరు ఆలస్యమే!"

అతని వేలు మీట మీదకు వెళ్లింది.

"ఆగు బాబూ," అంది. "ఎవరు పెట్టారిది?"

"ఏమోనండి. సీఐడీగారైతే నా పక్కన కూచుని మరీ నేర్చుకున్నారు. తన సిస్టమ్‌కేమో అనుకున్నాను."

అతను ఆమె ముఖం చూశాడు. ఏమీ మార్చకుండానే ఆ పేజీ మూసేసి, "నేనేం చూడలేదు లెండి," అంటూ వెళ్లిపోయాడు.

శనివారం సాయంత్రం ఆస్పత్రి నుంచి ఫోను వచ్చింది. వచ్చేవారం రోజులు మార్చారట.

ఏయే రోజులమ్మా అని అడిగే మనిషి పక్క సీట్లో లేడు.