పట్టుకున్నోళ్లే మొయ్యాలె

“ముందు ఆ బూటు తియ్యి సారూ. బొంగు పగిలితే అతికేది గాదు.”

జంపక్క గొంతు పెంచలేదు. అయినా అటవీ శాఖ బీట్ ఆఫీసర్ అనిల్‌కుమార్ వెదురు కుప్ప మీద పెట్టిన కాలును తనకు తెలియకుండానే వెనక్కి తీసుకున్నాడు. తీసుకున్నాక ఒళ్లు మండింది. ఈ అడవికి బదిలీ మీద వచ్చి రెండు రోజులు కాలేదు. అప్పుడే మొదటి కేసు దొరికిందన్న సంబరంలో ఉంటే, యాభై దాటిన ఈ కోయ ఆడమనిషి దాని మీద నీళ్లు చల్లుతోంది.

“అడవిల వెదురు కొట్టింది చాలక నాకే చెప్తున్నవా? పర్మిట్ ఏది?”

జంపక్క మొగుడు సీతయ్య చొక్కా జేబులోకి చెయ్యి పోనిచ్చాడు. జంపక్క ఒక్క చూపు చూసింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

“కాయితం దియ్యకు. మన బొంగు మనం కొట్టుకుంటమని ఊరంత కూసోని తీర్మానం జేసినం. గది జాలదా?”

ములకలపల్లి అవతల, వాగు ఒడ్డున పేర్చిన ఆ కుప్ప వెనుక ఏడుగురు ఆడవాళ్ల నెల రోజుల కష్టం ఉంది. అమావాస్య రోజులు చూసి కొట్టారు. పురుగు పట్టకుండా మూడు వారాలు వాగులో నానబెట్టారు. తీసి నీడన ఆరబెట్టారు. అసలు ఇల్లు కట్టే పని జంపక్క జట్టుకు దొరకడమే గగనమైంది. వెదురు, మట్టి, సున్నంతో ఇల్లేమిటని నవ్వినవాళ్లే అందరూ. చివరికి కట్టించుకునేవాళ్లు ఒక్క షరతు మీద ఒప్పుకున్నారు. ఇవాళ పొద్దుగూకేలోపు వెదురు కళ్లబడాలి. లేదంటే పని ఖమ్మం సిమెంటు కాంట్రాక్టరుకు పోతుంది. చూడబోతే ట్రాక్టర్లన్నీ పామాయిల్ గెలలు నింపుకుని అశ్వారావుపేట మిల్లు ముందు వరుసలో నిలబడ్డాయి. పొద్దుట్నుంచి కాచుకుని కూర్చుంటే ట్రాక్టరు రాలేదు, అనిల్‌కుమార్ వచ్చాడు.

“ఎవరింటికి ఇవన్నీ?”

“కట్టినంక జూస్తవు గదా.”

“సిమెంటుతో కట్టుకోరాదా? ఏ కాలంల ఉన్నరు మీరు?”

“ఎండకాలం స్లాబు కింద పండుకున్నవా సారూ ఎన్నడన్న? నా బిడ్డ ఇంట్ల పండుకున్న నేను. పెనం మీద ఉన్నట్టే ఉంటది. మా తడికె గోడకు మట్టి మెత్తితే ఫ్యానుతోని పనే లేదు. కొట్టిన కాడ్నే మళ్ల మొలుస్తది బొంగు. నీ సిమెంటు మొలుస్తదా?”

బేస్ క్యాంపు నుంచి వెంటబెట్టుకొచ్చిన ఇద్దరు వాచర్లు నవ్వు ఆపుకోలేక వాగు వైపు తిరిగారు. అనిల్‌కుమార్‌కు ఇక తగ్గడానికి వీల్లేకపోయింది.

“సరుకు సీజ్. మా డిపార్ట్‌మెంట్ ట్రాక్టర్ వస్తది. అన్నీ ఎక్కించుండ్రి.”

సీతయ్య ఏదో అనబోయాడు. జంపక్క మళ్లీ చూసింది. ఆయన నోరు మూసుకున్నాడు. ఆమె కొంగు నడుముకు బిగించి వాచర్ల ముందుకు నడిచింది.

“సీజ్ జేస్తే జేసుకో. ఎక్కించుడు మాతోని గాదు. పట్టుకున్నోళ్లే మొయ్యాలె. ఇంగో మాట. పోయినేడు మా బొంగులు గిట్లనే పట్టుకపోయి ఎండల పారేసిండ్రు. సగం పగిలినయ్, సగం చెదలు తిన్నయ్. ఊరు ఊరంత పోయి మూడు దినాలు గేటు ముంగట కూసున్నం. నీకు ముందున్న సారు బదిలీ ఎందుకైందో అడుగు.”

అనిల్‌కుమార్ వాచర్ సమ్మయ్య వైపు చూశాడు. “అవ్ సార్, నిజమే” అన్నాడు సమ్మయ్య.

డిపార్ట్‌మెంట్ ట్రాక్టరు వచ్చింది. నూట ఇరవై బొంగులు. వాచర్లిద్దరితో కాక, అనిల్‌కుమార్ కూడా చొక్కా చేతులు మడిచి దిగాల్సి వచ్చింది. జంపక్క పక్కన నిలబడి చెబుతూనే ఉంది. “ఇసిరెయ్యకుండ్రి. ఇద్దరు పట్టుండ్రి. గట్ల కాదు, మొదళ్లన్నీ ఒక్క దిక్కుకు రావాలె.” కొత్త యూనిఫాం చెమటకు తడిసి ముద్దయింది. అంతా ఎక్కించాక, నూట ఇరవై అని రాసి సంతకం పెట్టమంది. పెట్టాడు. కాయితం రవికెలో దోపుకుని ట్రాక్టరెక్కి కూర్చుంది. సీతయ్యకూ చెయ్యి అందించింది.

“మీరెందుకు?”

“నా బొంగులు యాడికి పోతే నేను ఆడికే.”

దారి పొడుగునా సీతయ్య తల వంచుకుని తువ్వాలు మూతికి అడ్డం పెట్టుకునే ఉన్నాడు. అనిల్‌కుమార్‌కు కాస్త జాలేసింది. తప్పు చేసిన మనిషికి ఆ మాత్రం సిగ్గుండాలని కూడా అనిపించింది.

రేంజ్ ఆఫీసు చేరేసరికి పొద్దు ఇంకా బారెడుంది. అక్కడా ఆమె ఊరుకోలేదు. నేల మీద పెడితే చెదలు పడుతుందంది. కింద రాళ్లు పరిపించింది. ఎండ తగలకుండా రేకుల షెడ్డు నీడకు మార్పించింది. బదిలీ అయిన ఆఫీసరు గతి కళ్లముందు మెదులుతుంటే, అనిల్‌కుమార్ పళ్లు నూరుతూనే చెప్పినట్టు చేశాడు. ఆఖరి బొంగు పేర్చి, నడుం పట్టుకుని, లోపలికి వెళ్లాడు.

“మేడం, వెదురు కేసు. మొత్తం సరుకు, మనుషులతో సహా పట్టుకొచ్చిన.”

రేంజర్ శ్యామల గబగబా బయటికి వచ్చింది. నీడన, రాళ్ల మీద, ఒక్క పగులు లేకుండా వరుసగా ఉన్న బొంగులను చూసింది. పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డ జంపక్కను చూసింది. చేతి గడియారం చూసుకుని తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది.

“మన ఆఫీసు గెస్ట్‌హౌస్ బొంగులు టైముకే తెచ్చినవ్ జంపక్కా.”