దండెం తీగ

రాత్రంతా పట్టిన ముసురు పొద్దునకు తెరిపిచ్చింది. ప్రియాంక తడిబట్టల బకెట్ పట్టుకొని ఉత్త కాళ్లతో వాకిట్లోకి వచ్చింది.

పాప గౌను పిండి దండెం మీద వేయబోతుంటే గేటు దగ్గర ఎవరో మనిషి. భుజాన సంచి. చూపు ఆమె మీద కాదు, దండెం తీగ మీద.

"చెల్లె, ఆ తీగె జిల్లుమంటుందా?"

నిన్న సాయంత్రం ఆరిన బట్టలు తీసేటప్పుడు వేళ్లు చురుక్కుమన్న మాట నిజమే. ఈయనకెట్లా తెలుసు?

"పాప ఏడుంది?" ఆమె చేతిలోని గౌను చూసి అడిగాడతను.

సిద్దిపేట వాడల్లో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారని వాట్సాప్‌లో విన్నవన్నీ ఒక్కసారే గుర్తుకొచ్చాయి. అంతలోనే గడపలో ఆడుకుంటున్న కృతిక రెండు చేతులూ చాపి తల్లి దగ్గరికి పరుగెత్తింది.

ఆ మనిషి గేటు తోసుకొచ్చి పాపను ఎత్తి, అరుగు మీద పెట్టాడు.

ప్రియాంక కేకకు వాడంతా కదిలింది. పక్కింటి మధుసూదన్ అతని కాలర్ పట్టుకున్నాడు. ఎవరో చెంప మీద కొట్టారు. అతడు ఎదురు తిరగలేదు.

"వోల్టేజి ఎప్పుడు గదే చెల్లె. పొడి చెయ్యి జర అడ్డుకుంటది, జిల్లుమని ఊకుంటది. తడి చెయ్యి అడ్డుకోదు. కరెంటు మస్తు పారుతది మనిషి పెయ్యిలకు."

మధుసూదన్ వినలేదు. రోడ్డు దాకా నెట్టుకుపోయాడు. పెనుగులాటలో సంచి చిరిగి నైలాన్ తాళ్లు చుట్టలు చుట్టలుగా కింద పడ్డాయి.

పిల్లల్ని కట్టెయ్యడానికే అన్నారెవరో.

అందరూ వెళ్లాక ప్రియాంక పాపను చంకనేసుకొని మళ్లీ గౌను తీసుకుంది. చెయ్యి తీగ దాకా పోయి ఆగిపోయింది. భయమేసింది. మధుసూదన్‌ను పిలిచి టెస్టర్ తెమ్మంది.

ఆనించగానే టెస్టర్ ఎర్రగా వెలిగింది. రేకుల కింద కరెంటు వైరు ఒరుసుకుపోయి తీగకు తాకుతోంది.

మధుసూదన్ మెయిన్ బంద్ చేసి, ఆ మనిషి కోసం బండి మీద బస్టాండుకు ఉరికాడు. అతను ఎక్కిన గజ్వేల్ బస్సు అప్పటికే వెళ్లిపోయింది. అక్కడి ఛాయ్ హోటలాయన చెప్పింది విని తిరిగొచ్చాడు.

"రాజనర్సు అంట పేరు. వాన పడ్డప్పుడల్లా వస్తడంట. ఇనుప తీగె కనవడితే ఇప్పి తాడు గడ్తడంట."

"ఎందుకంట అన్నా?"

మధుసూదన్ కృతిక వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు.

"పెండ్లాం గిట్లనే తీగెకు అతుక్కుంటే, అమ్మా అనుకుంట ఉరికి పట్టుకున్నదంట ఆయన బిడ్డ."