అమ్మ పక్కన చోటు

"అక్కడ పార వెయ్యకు" అంటూ తమ్ముడు తీపెనె అమ్మ సమాధి పక్కన అడ్డంగా నిలబడ్డాడు.

రాపాటాకి ఒక చేతిలో పార, ఇంకో చేతిలో ఆసుపత్రి వాళ్లిచ్చిన చిన్న పెట్టె ఉన్నాయి. అందులో ఉన్నది అతని పొట్టే. అమ్మను మింగిన పొట్ట క్యాన్సర్‌ని తెచ్చే లోపం ఆమె రక్తంలోంచి తనకూ దిగిందని పరీక్షలో తేలింది. జబ్బు పుట్టకముందే పొట్ట మొత్తం తీయించేసుకున్నాడు. ఒంట్లోంచి తీసినదాన్ని పరాయిచోట వదిలెయ్యడం మావోరీ ఇంట్లో జరగని పని. అయినవాళ్లున్న మట్టికే చేరాలి.

"ఎందుకు వెయ్యకూడదు?"

"ఆ చోటు నాది."

రాపాటాకి ఒళ్లు మండింది. వీడూ ఆ అమ్మ కడుపునే పుట్టాడు. వీడికి మాత్రం పరీక్షలో ఏమీ లేదట! తను రెండు చెంచాల పులుసు తాగితే గొంతు దాకా వస్తోంది. వీడేమో, శ్మశానంలోకి తిండి తేకూడదని గేటు బయటే పంది ఎముకలు చప్పరించి, మూతి తుడుచుకుంటూ వచ్చాడు. ఈమధ్య బొజ్జ కూడా వేశాడు. ఆ బొజ్జ మీంచి చూపు తిప్పుకోలేకపోయాడు రాపాటా.

"తిండి నీది, నిద్ర నీది. ఆఖరికి అమ్మ పక్క కూడా నీకే కావాలేంట్రా?"

"కావాలి. నీ పెట్టెకి అమ్మ కాళ్ల దగ్గర జానెడు చాలదూ?"

"జానెడా! నువ్వెవడివిరా కొలిచివ్వడానికి?"

మెరెయానా పిన్ని ఇద్దరి మధ్యకీ వచ్చింది. "గడ్డాలు నెరిశాయి, సిగ్గు లేదట్రా? మా అక్కని ఇప్పుడైనా పడుకోనివ్వరా? తీపెనె, జరుగు. కోత పడింది వాడికి, నీకు కాదు."

"అదే పిన్నీ నా కుళ్లు."

"కుళ్లా? నన్ను చూసా?" రాపాటా పళ్లు కొరికాడు. "రా, మార్చుకుందాం. నా బతుకు నువ్వు పట్టుకుపో, నీది నాకివ్వు!"

తీపెనె కదల్లేదు. తల కూడా ఎత్తలేదు.

"ఇస్తే తీసుకోవన్నా. నా పరీక్షలోనూ నీకొచ్చిందే వచ్చింది. కత్తికి భయపడి లేదని చెప్పాను. ఈ బొజ్జ తిండిది కాదు, జబ్బు ముదిరి పట్టిన నీరు. నీ పెట్టె ఎక్కడైనా పడుతుంది, నాకు మనిషి పొడుగు చోటు కావాలి... అదీ ఈ చలికాలం లోపే."