రెండో ప్రేక్షకుడు

"మళ్లీ ఆగింది!" టీవీ తెర మీద గిర్రున తిరుగుతున్న చక్రాన్ని చూసి భార్య తల పట్టుకుంది.

ఇంట్లోని వీడియోలన్నీ టీవీ కింది స్ట్రీమింగ్ బాక్సులోకి ఎక్కించి, ఎవరి ఫోనులోనైనా చూసుకునేలా దాన్నే సర్వర్‌గా మార్చాడు భర్త. అప్పట్నుంచి ఆమె తను డాన్సు చేసిన వీడియో పెట్టిన ప్రతిసారీ ఇదే గోల.

"రేపే నా ప్రోగ్రాం. అడుగులు సరిచూసుకోవద్దా? ఆ డబ్బాని అవతల పారెయ్యండి!"

"కాస్త ఆగు." అతను ఫోనులో సర్వర్ తెరిచి నోరెళ్లబెట్టాడు. "ఇదే వీడియోని ఇంకెవరో కూడా చూస్తున్నారు! ఇద్దరికీ ఒకేసారి పంపలేక బాక్సు చతికిలబడుతోంది."

"ఇంకెవరు? ఇంట్లో ఉన్నది మనమూ, మావయ్యగారూ."

ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. ఆమె డాన్సు మొదలుపెడితే చాలు, పెద్దాయన లేచి తన గదిలోకి వెళ్లిపోతారు. కోడలి గెంతులు ఆయనకు గిట్టవనే ఇన్నాళ్లూ ఆమె అనుకుంది.

మెల్లగా తలుపు తోశారు. బల్ల మీద ఫోను నిలబెట్టి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, పెద్దాయన రెండు చేతులూ పైకెత్తి గిరగిరా తిరుగుతున్నారు. వాళ్లను చూసి అలాగే కొయ్యబారిపోయారు.

"అబ్బే... నడుం పట్టేసిందనీ..." అని నసిగారు.

కోడలు పకపకా నవ్వుతూ వెళ్లి ఆయన పక్కన నిలబడింది.

"ముందు ఎడమ కాలు, మావయ్యగారూ. ఇటు చూడండి."

"రోజూ చూస్తూనే ఉన్నానమ్మా. మూడో అడుగు దగ్గర నువ్వే తొందరపడుతున్నావు."

ఆమె ఆ అడుగు వేసి చూసింది. నిజమే!

"అయితే మీరే చెప్పండి," అంటూ ఆమె మళ్లీ మొదలుపెట్టింది. పెద్దాయన సిగ్గుపడుతూనే తాళం అందుకున్నారు.